తీగ లేని మీట: సంకేతం సరిగా అందుతున్నదా?

కాడుగోడి వైపు ఇళ్లు కట్టుకొని స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు నీటి విలువ గురించి వేరే చెప్పనక్కరలేదు. ఆ ప్రాంతంలో చాలా ఇళ్లు యేళ్ల తరబడి బోరుబావినీ, టాంకరునూ నమ్ముకొనే సంసారాలు సాగించాయి. 2024 వేసవిలో బెంగుళూరు నగరం పడిన అగచాట్లు ఇంకా ఎవరూ మరచిపోలేదు. నగరంలోని ప్రభుత్వపు బోర్లలో దాదాపు సగం ఎండిపోయినవని ప్రభుత్వమే చెప్పింది. త్రాగే నీటితో కార్లు కడిగినా, తోటలు తడిపినా 5,000 రూపాయల జరిమానా అని ఆ మార్చిలో నీటి బోర్డు ఉత్తరువు చేసింది. అటువంటి రోజులలో కూడా మేడ మీది ట్యాంకు నిండి, పొర్లి, నీళ్లు వీధి కాలువలో కలిసిన ఇళ్లు లేకపోలేదు. ఆ ఇంటివారు అజాగ్రత్తపరులేమీ కారు. మోటారు దానంతటదే ఆగుతుందని నమ్మారు. అది ఆగలేదు, అంతే.

ఈ నమ్మకం ఎక్కడ దెబ్బ తిన్నదో, దానిని ముందుగా కనిపెట్టడం ఎట్లాగో ఈ వ్యాసంలో ముచ్చటిస్తాము. విషయం యంత్రాలకు సంబంధించినదే అయినా వంటింటి లెక్కల కంటె కష్టమైనది కాదు.

తీగ లేని మీట అంటే ఏమిటి?

పూర్వం మేడ మీది ట్యాంకులో తేలే బెండు ఒకటి వుండేది. దాని నుంచి తీగ క్రిందికి దిగి మోటారు స్టార్టరును కలిసేది. మూడు నాలుగు అంతస్తుల ఇంటికి తీగ లాగడం, ఎండకూ వానకూ అది చెడిపోవడం, ఎలుకలు కొరకడం, ఇదంతా పెద్ద తలనొప్పి. అందుకని ఇప్పుడు చాలామంది తీగ లేని పరికరం పెట్టించుకుంటున్నారు. ట్యాంకు దగ్గర ఒక చిన్న పెట్టె, క్రింద సంపు దగ్గరి స్టార్టరు ప్రక్కన మరొక పెట్టె. పై పెట్టె రేడియో తరంగాల ద్వారా “నీళ్లు తగ్గాయి” అంటే క్రింది పెట్టె మోటారు వేస్తుంది. “నిండింది” అంటే ఆపుతుంది.

తీగ లేకుండా దూరాన వున్న వస్తువును ఆడించడం నిన్న మొన్నటి విద్య కాదు. 1895లో కలకత్తా టౌన్ హాలులో జగదీశ్ చంద్ర బోసు గారు తీగ లేకుండా తరంగాలు పంపి దూరాన గంట మ్రోగించారు, తుపాకి మందును ప్రేల్చారు. 1898లో నికొలా టెస్లా న్యూయార్కు ప్రదర్శనశాలలో చిన్న పడవను రేడియోతో నడిపి చూపించాడు. ఆనాడు జనం నోళ్లు తెరచి చూచిన వింత ఈనాడు మన సంపు గదిలో గోడకు వ్రేలాడుతున్నది.

కాని తీగకూ తరంగానికీ ఒక పెద్ద తేడా వున్నది. తీగ తెగితే కంటికి కనిపిస్తుంది. తరంగం సన్నగిల్లితే కనిపించదు. ఉదయం పని చేసినది రాత్రి చేయకపోవచ్చు. పెట్టినవాడు ఒకసారి మీట నొక్కి, మోటారు తిరగగానే “బాగుందండీ” అని డబ్బు పుచ్చుకొని వెళ్లిపోతాడు. ఒకసారి తిరిగినంత మాత్రాన చాలునా? ఆ తరంగం ఎంత బలంతో వచ్చింది, ఇంకెంత తగ్గితే తెగిపోతుంది, ఈ రెండూ తెలియనిదే ఆ పరికరాన్ని నమ్మరాదు.

పచ్చని కన్ను, మేడ మీది అన్నయ్య

సంకేతబలాన్ని చూచుకొనడం మన పెద్దలకు క్రొత్త కాదు. పాత వాల్వు రేడియోలు ఇంట్లో వున్నవారికి వాటి ముందు భాగంలో వెలిగే పచ్చని కన్ను జ్ఞాపకం వుండే వుంటుంది. స్టేషను సరిగా కుదిరిన కొద్దీ ఆ పచ్చని రెక్కలు దగ్గరకు జరిగేవి. అది అలంకారానికి పెట్టినది కాదు, సంకేతబలం కొలిచే కొలబద్ద.

దూరదర్శన్ వచ్చిన తరువాత ప్రతి ఇంటా జరిగిన ముచ్చట మరొకటి. అన్నయ్య మేడ మీద ఏంటెన్నా త్రిప్పేవాడు. తమ్ముడు కిటికీలోంచి అరిచేవాడు: “వచ్చిందన్నయ్యా! ఆగు, ఆగు! అయ్యో, పోయింది!” జానెడు త్రిప్పితే బొమ్మ వచ్చేది, మరో జానెడు త్రిప్పితే చీమలు ప్రాకేవి. కుటుంబమంతా కలిసి చేసిన సంకేతబల పరీక్ష అది. ఈనాటి పెట్టెలలో ఆ కన్నూ లేదు, ఆ చీమలూ లేవు. చిన్న దీపం ఒకటి వెలుగుతుంది, లేదా వెలగదు. అందువల్ల లెక్క మనమే తెలుసుకోవాలి.

ఆ లెక్క ఇట్లా వుంటుంది

సంకేతబలాన్ని డీబీఎం అనే కొలతలో చెబుతారు. ఒక వాటులో వెయ్యో వంతును సున్న అనుకుంటారు. అంతకంటె తగ్గితే మైనస్ గుర్తు. ప్రతి 10 మెట్లకు బలం పదో వంతు అవుతుంది. మైనస్ 70 కంటె మైనస్ 80 పదో వంతు, మైనస్ 90 నూరో వంతు, మైనస్ 100 వెయ్యో వంతు. అంటే మైనస్ ప్రక్కన అంకె పెరిగిన కొద్దీ సంకేతం సన్నగిల్లుతున్నదన్న మాట. అప్పు లెక్క వంటిదే ఇది: అంకె పెద్దదైతే పరిస్థితి చిన్నది.

ప్రతి పెట్టెకూ ఒక హద్దు వుంటుంది. అంతకంటె సన్నని సంకేతాన్ని అది వినలేదు. పెట్టెతో వచ్చే చిన్న పుస్తకంలో దానిని సెన్సిటివిటీ అని వ్రాస్తారు. ఉదాహరణకు ఆ హద్దు మైనస్ 110 అనుకుందాము. మన ఇంట్లో అందుతున్నది మైనస్ 85 అయితే నడుమ 25 మెట్ల మిగులు వున్నది. మైనస్ 105 అయితే మిగులు 5 మెట్లే. రెండు ఇళ్లలోనూ మోటారు తిరుగుతుంది, రెండు ఇళ్లలోనూ దీపం వెలుగుతుంది. కాని రెండవ ఇంటివారు నెలాఖరున చేతిలో అయిదు రూపాయలతో వున్న గృహస్థు వంటివారు. చిన్న ఖర్చు తగిలితే చాలు, గడవదు. 20 మెట్ల మిగులు వుంటే నిశ్చింత అని స్థూలంగా పెట్టుకోవచ్చు.

ఈ మిగులును తినివేసేవి మన ఇంట్లోనే వున్నాయి. అడ్డు లేని చోట దూరం రెట్టింపైతే 6 మెట్లు పోతాయి. ఇటుక గోడ కొన్ని మెట్లు తింటుంది. ఇనుప చువ్వలు పోసిన కాంక్రీటు కప్పు ఒక్కొక్కటి 10, 20 మెట్లు తినగలదు. ఇనుప రేకు, ఇనుప తలుపు దాదాపుగా దారి మూసివేస్తాయి. నీరు కూడా తరంగాన్ని పీల్చుకుంటుంది. పై పెట్టె ట్యాంకుకు ఆవలి ప్రక్కన వుంటే, ట్యాంకు నిండిన కొద్దీ సంకేతం తగ్గుతుంది. ఈ చిత్రం గమనించండి: “నిండింది, ఆపు” అని చెప్పవలసిన క్షణంలోనే ఆ మాట అన్నిటికంటె బలహీనంగా వెళుతుంది!

కాడుగోడిలో మేము చూచిన ఇల్లు

కాడుగోడిలో ఒక మూడంతస్తుల ఇంట్లో ఈ పరికరం పగలంతా చక్కగా పని చేసి, రాత్రి పూట మొండికేసేది. ఇంటి పెద్దావిడ తెల్లవారుజామున లేచి చూచేసరికి మేడ మీది నుంచి నీళ్లు ధారగా పడుతుండేవి. “ఏమోనమ్మా, ఈ యంత్రానికి కూడా రాత్రయితే నిద్ర వస్తున్నది కాబోలు” అని ఆవిడ కోడలితో అనేవారట. మోటారు మార్చారు, స్టార్టరు మార్చారు. పెట్టె కూడా మార్చారు. జబ్బు పోలేదు.

మేము వెళ్లి చేసిన పని ఒక్కటే. క్రింది పెట్టె మీది అంకెను నాలుగు వేళల్లో చూచి కాగితం మీద వ్రాసుకున్నాము. పగలు మైనస్ 88. రాత్రి పది గంటలకు కారు లోపల పెట్టి ఇనుప షట్టరు దించగానే మైనస్ 107. ఆ పెట్టె హద్దు మైనస్ 110. పందొమ్మిది మెట్లు ఒక్క షట్టరే తినివేసింది, అంటే సంకేతంలో దాదాపు ఎనభయ్యో వంతు మాత్రమే మిగిలింది. దానికి తోడు మోటారు తిరుగుతున్నప్పుడు స్టార్టరు దగ్గర పుట్టే విద్యుత్ గోల ఆ మిగిలిన కాస్త మాటనూ వినపడనీయడం లేదు. “మోటారు వేయి” అన్న మాట నిశ్శబ్దంలో వస్తుంది కాబట్టి అందేది. “ఆపు” అన్న మాట గోలలో వస్తుంది కాబట్టి అందేది కాదు.

మందు చాలా చౌక. ఏంటెన్నాను పెట్టె నుంచి విడదీసి, రెండు మీటర్ల కేబులుతో షట్టరు వెలుపల గోడ మీద ఎత్తుగా నిలిపించారు. షట్టరు మూసి, మోటారు తిరుగుతుండగా చూస్తే మైనస్ 79. యంత్రానికి నిద్ర రావడం మానివేసింది.

పరీక్ష ఎట్లా చేయాలి?

మొదటి సూత్రం: మంచి వేళ కాదు, చెడ్డ వేళ కొలవాలి. ట్యాంకు నిండుగా వున్నప్పుడు, షట్టరూ తలుపులూ మూసివున్నప్పుడు, కార్లన్నీ లోపల నిలిచివున్నప్పుడు, మోటారు తిరుగుతున్నప్పుడు, వీలైతే జోరున వాన పడుతున్నప్పుడు కొలవాలి. ఒక పగలూ ఒక రాత్రీ అంకెలు వ్రాసుకుంటే సగటు చూడవద్దు, అన్నిటికంటె క్రిందికి దిగిన అంకెనే చూడండి. గొలుసు బలం దాని బలహీనమైన లంకెలోనే వున్నది గదా.

రెండవది: చోటు మార్చి చూడాలి. ఇటువంటి పెట్టెలలో చాలా వాటికి మన దేశంలో లైసెన్సు అక్కరలేని 865 మెగాహెర్ట్జ్ ప్రాంతపు తరంగాలు వాడుతారు. వాటి అల పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. గోడలకు తగిలి వచ్చే అలలూ నేరుగా వచ్చే అలలూ ఒక చోట కలిసి బలపడతాయి, జానెడు అవతల ఒకదానినొకటి చంపుకుంటాయి. అందుచేత ఏంటెన్నాను ఒక జానెడు ప్రక్కకు జరిపితే 10 మెట్లు లాభించిన సందర్భాలు వున్నాయి. మేడ మీది అన్నయ్యకు ఈ రహస్యం ఆనాడే తెలుసు. రెండు ఏంటెన్నాలూ నిలువుగా వుండాలి. ఇనుప గొట్టానికి ఆనించరాదు, ఇనుప పెట్టెలో దాచరాదు.

మూడవది: బలంతో పాటు లెక్కింపు. నూరు మాటలు పంపితే ఎన్ని అందాయి? నూటికి తొంభై అందితే మార్కుల పత్రంలో గొప్ప సంగతే, ఇక్కడ మాత్రం చాలదు. ఎందుకో క్రింద చెబుతాము.

అంకె చూపించే తెర లేని పెట్టెలకు ఒక ఉపాయం. గోడకు బిగించక మునుపే క్రింది పెట్టెను చేత పట్టుకొని, బిగించవలసిన చోటు కంటె చాలా దూరం తీసుకొనిపోయి పరీక్షించండి. రెట్టింపు దూరంలో కూడా దీపం తప్పకుండా వెలుగుతుంటే కనీసం 6 మెట్ల మిగులు వున్నట్లు లెక్క. రెట్టింపుకు రెట్టింపు అయితే 12 మెట్లు. పై పెట్టెలో బ్యాటరీ వుంటే అది క్షీణించిన కొద్దీ మాట కూడా తడబడుతుంది. ఆరు నెలలకొకసారి దానిని చూడండి. స్టార్టరు పెట్టె మాత్రం ఎలక్ట్రీషియను చేతనే విప్పించాలి. పెద్దవారు ట్యాంకు నిచ్చెన ఎక్కవద్దని మా మనవి.

అనంతపురం, చిత్తూరు జిల్లాలలో పొలాలు వున్న మన కుటుంబాలకు ఇదే సంగతి మరో రూపంలో తగులుతుంది. అక్కడ బోరు మోటారును సెల్ ఫోనుతో వేసే స్టార్టరు పెట్టుకుంటున్నారు. ఆ పెట్టెలో వుండేది ఒక సిమ్ కార్డు. గట్టు మీద ఫోను మ్రోగినంత మాత్రాన షెడ్డులోని ఇనుప పెట్టెలో సిమ్ పలుకుతుందని లేదు. చాలా ఫోన్లలో సెట్టింగులకు వెళ్లి ‘ఫోను గురించి’ అన్న చోట సిమ్ స్థితి చూస్తే సంకేతబలం అంకెలలో కనిపిస్తుంది. ఆ ఫోనును మోటారు షెడ్డులోకే తీసుకొనిపోయి, తలుపు వేసి చూడండి. మైనస్ 115, 120 దగ్గర వుంటే తెగిపోయే దారం అనుకోవాలి. ఏంటెన్నా బయటికి, ఎత్తుకు తీయించండి.

మౌనం అంటే “ఆగు” అని అర్థం

ఇంత చేసినా తరంగం ఎప్పుడో ఒకప్పుడు తప్పకుండా తెగుతుంది. పిడుగు పడవచ్చు, బ్యాటరీ అయిపోవచ్చు, ప్రక్క స్థలంలో అయిదంతస్తుల మేడ లేవవచ్చు. అందుకని అసలు ప్రశ్న వేరు. సంకేతం అందనప్పుడు యంత్రం ఏమి చేస్తుంది?

కొన్ని పెట్టెలు “వేయి” అంటే వేస్తాయి, “ఆపు” అనేదాకా నడుపుతూనే వుంటాయి. “ఆపు” అన్న ఆ ఒక్క మాట దారిలో పోతే ట్యాంకు పొర్లవలసిందే, సంపు ఎండి మోటారు కాలవలసిందే. మంచి పద్ధతి దీనికి సరిగా తలక్రిందులు. పై పెట్టె నిమిషానికొకసారి “ఇంకా నీళ్లు కావాలి” అంటూ వుండాలి. ఆ మాట వస్తున్నంత వరకే మోటారు తిరగాలి. వరుసగా మూడు మాటలు రాకపోతే, కారణమేదైనా సరే, ఆగిపోవాలి.

నూటికి తొంభై ఎందుకు చాలదో ఇప్పుడు లెక్క కట్టి చూడండి. పదింట ఒక మాట పోతుంటే వరుసగా మూడూ పోయే అవకాశం వెయ్యింట ఒకటి. రోజుకు 1,440 నిమిషాలు. ఇరవై నాలుగు గంటలూ మాటలు సాగితే, సుమారు రోజుకొకసారి అకారణంగా ఆగుతుంది. ఇంటివారు విసిగి, ఆ కట్టుబాటే తీసివేయించి, మోటారును నేరుగా కలిపించుకుంటారు! అదే నూటికొక మాట మాత్రమే పోతే, వరుసగా మూడు పోయే అవకాశం పది లక్షలకు ఒకటి. అంటే దాదాపు రెండేళ్లకొకసారి. దేని ప్రమేయం లేకుండా ఏది తప్పిపోతే ఈ లెక్క, షట్టరు మూసినట్లు అన్నీ ఒక్కసారే తప్పితే ఇది పనికిరాదు. సంకేతబలం బాగుండాలనడం ఇందుకే. బలం చాలని చోట భద్రత కోసం పెట్టిన నియమం కూడా జనానికి చిరాకు పుట్టించి, చివరకు మూలపడుతుంది.

పట్టాల మీద ఇదే నియమం

సంపు గదిలో నీటిని కాపాడే ఈ నియమమే రైలు పట్టాల మీద ప్రాణాలను కాపాడుతున్నది. కాడుగోడి రైళ్లు ఎరిగిన ఊరు. వైట్‌ఫీల్డ్ పేరు మోసిన రైల్వే స్టేషను నిలిచివున్నది కాడుగోడిలోనే. మద్రాసు వెళ్లే బండ్లు ఆ దారినే పోతాయి. 2023 మార్చి 25న మెట్రో కూడా అక్కడి దాకా వచ్చింది. ఆ చివరి స్టేషనుకు వైట్‌ఫీల్డ్, కాడుగోడి అన్న రెండు పేర్లూ కలిపి పెట్టారు. నగరంలో మరొక వైపున, 2025 ఆగస్టు 10న మొదలైన పసుపు మార్గంలో రైళ్ల నడకను రేడియో ద్వారానే అదుపు చేస్తున్నారు.

పెద్ద రైళ్ల విషయంలో మన తెలుగు గడ్డకు ప్రత్యేకమైన పాత్ర వున్నది. రైళ్లు ఢీకొనకుండా ఆపే ‘కవచ్’ పద్ధతి దక్షిణ మధ్య రైల్వే దారులలో పరీక్షలకు నిలిచి పెరిగింది. 2016 ఫిబ్రవరిలో ప్రయాణికుల బండ్ల మీద ప్రయోగాలు మొదలయ్యాయి. 2020 జూలైలో దానిని దేశమంతటికీ స్వీకరించారు. దానిని తయారు చేసిన మొదటి మూడు సంస్థలు, మేధా, హెచ్.బి.ఎల్., కెర్నెక్స్, హైదరాబాదువే. రైల్వే సంకేతాల విద్య నేర్పే ఇరిసెట్ సంస్థ 1957 నుంచీ సికింద్రాబాదులో వున్నది.

పట్టాల నడుమ బిగించిన చిన్న బిళ్లలు ఇంజనుకు తానెక్కడ వున్నదో చెబుతాయి. స్టేషను దగ్గరి ఎత్తైన టవరు రేడియో ద్వారా “ఇంత దూరం వరకు పోవచ్చు” అని అనుమతి పంపుతుంది. ఇంజను ఆ హద్దు దాటబోతే, డ్రైవరు చూడకపోయినా బ్రేకులు పడతాయి. అనుమతి రాకపోతే దారి వున్నదని ఊహించుకొని పోవడం లేదు. అందువల్లనే టవర్లు నిలిపేటప్పుడు దారి పొడవునా సంకేతబలం కొలుస్తారు. ఒక టవరు మాట సన్నగిల్లే చోటికి రెండవ టవరు మాట అందుకోవాలి.

2022 మార్చి 4న సికింద్రాబాదు డివిజనులో గుల్లగూడ, చిట్‌గిడ్డ స్టేషన్ల నడుమ రెండు ఇంజన్లను ఒకే పట్టా మీద ఎదురెదురుగా నడిపారు. ఒకదానిలో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ గారే కూర్చున్నారు. రెండవ ఇంజను 380 మీటర్ల దూరంలో వుండగానే బండి దానంతటదే ఆగిపోయింది. ఆ మరుసటి యేడాది, 2023 అక్టోబరు 29న, విజయనగరం జిల్లాలో కంటకాపల్లి, అలమండ నడుమ ఒక ప్యాసింజరు బండి వెనుక నుంచి మరొక దానిని ఢీకొని 14 మంది ప్రాణాలు పోయాయి. ఆ దారిలో అప్పటికి కవచ్ లేదు. ఆ వార్త చదివిన నాడు మన ఇళ్లలో కంట తడి పెట్టనివారెవరు?

రైలు ప్రాణాలకు సంబంధించినది, ట్యాంకు నీటికి సంబంధించినది. రెంటికీ పోలిక లేదని ఎవరైనా అనవచ్చు. కాని 2024లో టాంకరు కోసం అర్ధరాత్రి దాకా కాచుకున్న ఇల్లాలిని అడిగి చూడండి. పొర్లిపోయిన ట్యాంకు నీళ్లు ఆమెకు చిన్న విషయం కాదు.

పాఠక సోదరీ సోదరులు ఈ నెలలో ఒక రాత్రి పావుగంట తీరిక చేసుకొనవలసిందిగా కోరుతున్నాము. షట్టరు మూసి, మోటారు వేసి, క్రింది పెట్టె మీది అంకెను కాగితం మీద వ్రాయండి. ప్రక్కన పెట్టె హద్దు కూడా వ్రాసి, రెంటి నడుమ మిగులెంతో చూడండి. తరువాత మోటారు తిరుగుతుండగా పై పెట్టె నోరు మూయించండి, అంటే దాని మీటను ఆపి చూడండి. మూడు నాలుగు నిమిషాలలో మోటారు దానంతటదే ఆగితే మీ ఇంటి యంత్రం మంచి నడవడి గలది. ఆగకపోతే రేపే మనిషిని పిలిపించి ఆ ఏర్పాటు చేయించండి. ఆ కాగితాన్ని స్టార్టరు పెట్టె మూతకు లోపలి వైపు అంటించి వుంచితే, వచ్చే వేసవికి మళ్లీ కొలిచినప్పుడు ఎన్ని మెట్లు దిగామో పిల్లలు కూడా చెప్పగలరు.